సర్వీసింగుకు ఐదు వేలన్నారు, బిల్లు 10,780 వచ్చింది, నేను ఎక్కడ దొరికిపోయాను?

హన్మకొండ_సార్

అందరికీ నమస్తే. నాది చిన్న పెట్రోల్ కారు, కొని మూడేళ్లు దాటింది, రీడింగ్ 30 వేలు. ఉండేది హన్మకొండలో, బడి పరకాల వైపు. వారంలో రెండు మూడు రోజులు కారులో పోతా, మిగతా రోజులు బస్సే. ఫ్రీ సర్వీసులు ఎప్పుడో అయిపోయాయి. మొన్న షోరూమ్ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ఎంతవుతుందని అడిగితే "ఐదు వేలు సార్, కొంచెం అటుఇటుగా" అన్నారు. సరే అని పొద్దున్నే బండి ఇచ్చి, సర్వీస్ అడ్వైజర్ (బండి తీసుకుని పనులు రాసుకునే ఆయన) ట్యాబ్ మీద చూపించిన చోట వేలితో సంతకం గీకి, బస్సెక్కి బడికి పోయాను.

మూడో పీరియడ్‌లో ఫోన్. "సార్, బండి లిఫ్ట్ మీద ఉంది, ఇంజిన్‌లో కార్బన్ పట్టింది, ఏసీలో వాసన వస్తోంది, బ్రేకులు కూడా డస్టుగా ఉన్నాయి, చేసేయమంటారా?" పిల్లలంతా నా మొహమే చూస్తున్నారు. "క్లాసులో ఉన్నానమ్మా, అవసరమైనవి ఉంటే చూడండి" అని పెట్టేశాను. నా లెక్కలో "చూడండి" అంటే చూసి చెప్పండి అని. వాళ్ల లెక్కలో చేసేయండి అని.

సాయంత్రం బిల్లు 10,780. అందులో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి 2,150, ఎయిర్ ఫిల్టర్ 420, ఏసీ ఫిల్టర్ 480, లేబర్ 1,900. ఇక్కడివరకు 4,950, అంటే ఫోన్లో చెప్పినంతే. ఆ కింద మొదలైంది అసలు కథ: ఇంజిన్ డీకార్బనైజేషన్ (లోపల పట్టిన కార్బన్ మసి తీయడం) 1,850, ఏసీ డిసిన్ఫెక్షన్ 1,150, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి పోయే దారి) క్లీనింగ్ 750, బ్రేక్ క్లీనింగ్ 600, చక్రాల అలైన్‌మెంట్ (కోణం సరిచేయడం), బ్యాలెన్సింగ్ 950, పెట్రోల్‌లో పోసే ఏదో సీసా మందు 350, చివర్లో కన్స్యూమబుల్స్ (పనిలో వాడి పారేసే చిల్లర సామాను) అని 180. అన్నీ పన్నుతో కలిపే. అంటే 5,830 నేను అడగని పనులకు పోయింది. అలైన్‌మెంట్ గురించైతే ఫోన్లో కూడా చెప్పలేదు.

వీటిలో నిజంగా అవసరమైనవి ఏవి? వచ్చేసారి ఎలా మాట్లాడాలి? కట్టిన డబ్బు వెనక్కి అడిగే దారి ఏమైనా ఉందా? మా ఆవిడైతే ఒకటే మాట, "పిల్లలకు ప్రశ్న మొత్తం చదివి జవాబు రాయమని చెప్తారు కదా, మీరు చదవకుండా సంతకం ఎలా పెట్టారు" అని. దానికి నా దగ్గర జవాబు లేదు.

పాత_అడ్వైజర్_కరీంనగర్

సార్, ఆరేళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా చేసి మానేసినవాణ్ని, అవతలి వైపు సంగతి చెప్తాను. రోజూ పొద్దున మాకు మీటింగ్ ఉండేది. బండికి సగటున ఇంత లేబర్ రావాలి, ఈ నెలలో ఇన్ని డీకార్బ్‌లు, ఇన్ని ఏసీ క్లీనింగులు కావాలి అని బోర్డు మీద పేర్ల పక్కన అంకెలు రాసేవాళ్లు. ఇలాంటి పనులను వ్యాస్ అంటారు, వాల్యూ యాడెడ్ సర్వీసులన్న మాట. నెల చివరి వారం వచ్చిందంటే మాకు టెన్షన్, మీకు ఖర్చు. అడ్వైజర్ చెడ్డవాడని కాదు, వాడి ఇన్సెంటివ్ ఆ అంకెల మీదే ఉంటుంది. ఒకటి గమనించండి, ఏ అడ్వైజరూ "కంపెనీ పుస్తకంలో ఉంది సార్" అనడు, "మేం రికమెండ్ చేస్తాం సార్" అంటాడు. ఆ రెండు మాటలకు మధ్యనే మీ 5,830 ఉంది.

మీ డ్యాష్‌బోర్డు అరలో ఒక పుస్తకం ఉంటుంది, చాలామంది ప్లాస్టిక్ కవర్ కూడా తీయరు. దాని చివర్లో మెయింటెనెన్స్ షెడ్యూల్ పట్టిక ఉంటుంది. కిలోమీటర్లు, నెలలు పైన, పార్టులు పక్కన. గడిలో ఐ అని ఉంటే తనిఖీ చేయాలి, ఆర్ అని ఉంటే మార్చాలి. ఆ పట్టికే మీ అసలు బిల్లు. అందులో డీకార్బనైజేషన్ అనే గడి మీకు దొరకదు. ఏ లోపం లేకుండా నడుస్తున్న మామూలు పెట్రోల్ ఇంజిన్‌కు 30 వేలకు అది అవసరం లేదు. పికప్ తగ్గడం, ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) వణకడం, మైలేజీ పడిపోవడం లాంటివి ఉంటేనే దాని గురించి ఆలోచించాలి, అప్పుడు కూడా ముందు ప్లగ్గులు, ఫిల్టర్ చూశాకే. థ్రాటిల్ బాడీ కూడా అంతే, ఐడ్లింగ్ సరిగ్గా ఉంటే దాన్ని కదపాల్సిన పని లేదు. సీసా మందు అసలు వద్దు. ఏసీ డిసిన్ఫెక్షన్ అంటే చాలాచోట్ల గాలి వచ్చే సందుల్లో నురగ కొట్టడం, వాసన వస్తే చేయించుకోండి, లేకపోతే ఎందుకు?

ఫ్రీ సర్వీసుల విషయం కూడా ఇక్కడే చెప్తా, కొత్త బండివాళ్లు చాలామంది గొడవ పడతారు. ఫ్రీ అంటే లేబర్ ఫ్రీ, ఆయిల్‌కు, ఫిల్టర్లకు డబ్బులు తీసుకుంటారు. అది మోసం కాదు. కానీ ఫ్రీ సర్వీసు బిల్లులో కూడా ఈ వ్యాస్ దూరుతుంది, అక్కడ చూసుకోవాలి.

ఇక జాబ్ కార్డ్, అంటే మీ బండికి చేయాల్సిన పనులు రాసి మీ సంతకం తీసుకునే పత్రం. బేరం బిల్లు దగ్గర ఆడితే లాభం లేదు, అప్పటికి పని అయిపోయి ఉంటుంది. బండి ఇచ్చేటప్పుడు పది నిమిషాలు నిలబడి, జాబ్ కార్డ్‌లో ఏమేం పెట్టాడో ఒక్కొక్కటి చదివించుకోండి. కాగితమైతే మీ చేత్తో తెలుగులోనే రాయండి, "ఇందులో లేని ఏ పనీ నా మెసేజ్ లేకుండా చేయవద్దు" అని. ఖాళీ గీతలుంటే అడ్డంగా కొట్టేయండి. ట్యాబ్ అయితే రిమార్క్స్ గడిలో టైప్ చేయించి ఫొటో తీసుకోండి. ఫోన్ వస్తే "రేటు, ఫొటో వాట్సాప్‌లో పెట్టండి, అక్కడే చెప్తా" అని మాత్రమే అనండి. సరే, చూడండి, మీ ఇష్టం, ఈ మూడు మాటలు నోట్లోంచి రావద్దు. మేం వాటన్నింటినీ ఓకే అని రాసుకునేవాళ్లం, నిజం చెప్తున్నా.

బొగ్గుబాయి_భూపాలపల్లి

పై అన్న చెప్పింది కరెక్టే కానీ ఒక చిన్న అభ్యంతరం. ఇలాంటివి చదివి నేను రెండేళ్ల కింద అన్నిటికీ వద్దు వద్దు అన్నా. వాళ్లు అలైన్‌మెంట్ చేయాలి సార్ అంటే, నువ్వు అట్లనే అంటావులే అనుకున్నా. బండి కొంచెం ఎడమకు లాగుతుండేది, అది కూడా రోడ్డు వల్లే అనుకున్నా. మా దగ్గర రోడ్లు మీకు తెలియనివి కావు, బొగ్గు లారీలు తిరిగి తిరిగి గుంతలే గుంతలు. ఐదారు నెలల తర్వాత పంచర్ వేయించడానికి టైర్ ఇప్పితే లోపలి అంచు మొత్తం అరిగి దారాలు కనబడుతున్నాయి. ముందు టైర్లు రెండూ పోయినయ్. వెయ్యి రూపాయలు మిగిలించి తొమ్మిది వేలు పెట్టినా.

ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే. పుస్తకంలో 40 వేలకు మార్చమని ఉంది, కానీ దుమ్ములో తిరిగే బండికి ముందే మార్చాలని అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఉంటుంది. హన్మకొండలో తిరిగే బండి వేరు, మా బొగ్గు దుమ్ములో తిరిగే బండి వేరు. జాతరప్పుడు పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం పోయి వచ్చిన బండి ఫిల్టర్ ఒకసారి ఇప్పి చూడండి, పసుపు, కుంకుమ, ఎర్రమట్టి అన్నీ అందులోనే ఉంటాయి. బ్రేకులు కూడా అట్లాంటి ట్రిప్ తర్వాత ఇప్పి తుడిపిస్తే మంచిదే. 600 మరీ ఎక్కువ కాదు. కాబట్టి సార్, అలైన్‌మెంట్ చేయకముందు, చేశాక వచ్చిన రీడింగుల ప్రింట్ ఇస్తారు, అది అడగండి. ముందు రీడింగే సరిగ్గా ఉంటే అప్పుడు గట్టిగా అడగొచ్చు.

కాజీపేట_జంక్షన్

నా అనుభవం కూడా రాస్తా. ఆడవాళ్లు ఒక్కరే బండి తీసుకుపోతే లిస్టు ఇంకా పొడుగవుతుంది, "మేడమ్ సేఫ్టీ కోసం" అనే మాట ప్రతి లైనుకూ తగిలిస్తారు. పోయినేడాది బిల్లులో ఏసీ ఫిల్టర్ మార్చినట్టు రాశారు. ఇంటికొచ్చి గ్లవ్ బాక్స్ ఇప్పి చూస్తే పాతదే, నిమ్మాకు ఒకటి ఎండిపోయి అందులోనే ఉంది (మా పార్కింగ్ నిమ్మచెట్టు కింద). ఆ ఆకుతో సహా ఫొటో తీసి మేనేజర్‌కు పంపితే అరగంటలో ఫోన్, "మా కుర్రాడు మర్చిపోయాడు మేడమ్" అని. మర్చిపోవడం సరే, బిల్లు వేయడం మాత్రం మర్చిపోలేదు.

అప్పటినుంచి రెండు పనులు చేస్తున్నా. బండి ఇచ్చే ముందు రాత్రి ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ అంచు మీద స్కెచ్ పెన్నుతో చిన్న గీత. ఇచ్చేటప్పుడు "మార్చిన పాత సామాను మొత్తం డిక్కీలో పెట్టండి" అని జాబ్ కార్డ్‌లో రాయించడం. ఈ ఒక్క మాట విన్నాక వాళ్ల లిస్టే తగ్గిపోతుంది. వారంటీ కింద ఉచితంగా మార్చిన పార్టులు మాత్రం కంపెనీకి పంపాలి కాబట్టి ఇవ్వరు, అది న్యాయమే. మనం డబ్బు కట్టి కొన్నదాని పాతది మనదే.

ఇంకో సంగతి, ఏసీ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, స్క్రూ డ్రైవర్ కూడా అక్కర్లేదు. నేను ఇప్పుడు స్పేర్ పార్ట్స్ షాపులో కొని నేనే మారుస్తున్నా. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, మా బాబు టార్చ్ పట్టుకున్నాడు.

హన్మకొండ_సార్

అందరికీ థ్యాంక్స్. మేడమ్, ఆ నిమ్మాకు సంగతి చదివి మా ఇంట్లో అందరం నవ్వాం, తర్వాత నేను వెళ్లి నా గ్లవ్ బాక్స్ ఇప్పాను. ఫిల్టర్ కొత్తదే, తేదీ కూడా ఉంది. అంతవరకు నయం. ఇంకో డౌట్, వచ్చేసారి బయట షెడ్డులో చేయిస్తే పోదా? సగం ధరకే అయిపోతుందని మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన అంటున్నాడు.

ఆటోనగర్_షెడ్డు

నేనే బయట షెడ్డువాణ్ని కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే వినండి సార్. తక్కువ అవుతుంది, నిజమే. మాకు ఏసీ వెయిటింగ్ హాలు, కాఫీ మిషను, టార్గెట్ బోర్డు లేవు. కానీ మా దగ్గర కూడా జాగ్రత్త పడాలి. వారంటీ లేదా ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే ముందు దాని కాగితం చదవండి. సర్వీసు ఎక్కడ, ఎన్ని కిలోమీటర్లకు చేయించాలో అందులో రాసి ఉంటుంది. బయట చేయించి రేపు ఇంజిన్‌కు ఏమైనా అయితే వాళ్లు మొదట అడిగేది సర్వీసు రికార్డే.

మా దగ్గర జరిగే పెద్ద తప్పు ఆయిల్. "చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్‌కు బలం" అని నమ్మే కస్టమర్లు ఉన్నారు, నమ్మించే మెకానిక్‌లూ ఉన్నారు. ఇప్పటి చిన్న పెట్రోల్ ఇంజిన్లు చాలావాటికి జీరో డబ్ల్యూ 20, జీరో డబ్ల్యూ 16 లాంటి పలుచటి ఆయిలే కంపెనీ చెప్తుంది. దాంట్లో డ్రమ్ము నుంచి తీసిన 20 డబ్ల్యూ 40 పోస్తే మైలేజీ తగ్గుతుంది, పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైకి ఎక్కడానికి టైం పడుతుంది. పుస్తకంలో గ్రేడూ ఉంటుంది, ఎన్ని లీటర్లు పడుతుందో కూడా ఉంటుంది. సీల్ ఉన్న డబ్బా మీ ముందు ఇప్పించండి, మిగిలింది డబ్బాతో సహా మీరు తీసుకుపోండి. షోరూమ్‌లో అయితే బిల్లు మీద లీటర్లు చూడండి. మూడుంపావు పట్టే ఇంజిన్‌కు నాలుగు లీటర్ల బిల్లు వేసిన కాగితాలు నా దగ్గరికి వచ్చినయ్.

మీ బిల్లులో నాకైతే బ్రేక్ క్లీనింగ్, అలైన్‌మెంట్ ఒప్పుకోవచ్చనిపిస్తోంది, మిగతావి లేకున్నా బండి నడిచేది. ఎవరి దగ్గర చేయించినా బిల్లు తీసుకోండి, మా దగ్గర కూడా. కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసిచ్చేది బిల్లు కాదు.

అదాలత్_సెంటర్

డబ్బు వెనక్కి అడిగే విషయం ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను, వినియోగదారుల కేసులు చూస్తుంటాను. ముందే చెప్తున్నా, మీ "చూడండి" మీ కేసును కొంత పలుచన చేసింది. అయినా అలైన్‌మెంట్, థ్రాటిల్, సీసా మందు ఫోన్లో చెప్పలేదు కదా, ముందు అక్కడ పట్టుకోండి.

మొదట నోటిమాట వద్దు. సర్వీస్ మేనేజర్‌కు మెయిల్ పెట్టండి, ఏయే లైనుకు మీ ఒప్పుదల ఎక్కడుందో చూపించమని అడగండి. కాపీ కంపెనీ కస్టమర్ కేర్‌కు. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది, ఎందుకంటే కంపెనీకి ఫిర్యాదు నమోదైతే డీలర్ దాన్ని మూసేయాలి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, ఖర్చేమీ ఉండదు. అది కోర్టు కాదు, వాళ్లు కంపెనీకి పంపి జవాబు రాబడతారు. చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం కింద మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఐదు వేల కోసం అంత దూరం పోవాలా అంటే మీ ఇష్టం, ఓపిక ఖరీదు కూడా లెక్కేసుకోండి.

పైన షెడ్డు ఆయన బిల్లు గురించి మంచిమాట చెప్పారు. సేవ చేసి బిల్లు ఇవ్వకపోవడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లోనే చేర్చింది. మరొకటి, పార్టు ప్యాకెట్ మీద ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే కట్టొద్దు. లేబర్ మీద మాత్రం 18 శాతం విడిగా వేస్తారు. ఇంతకుముందు చాలా విడిభాగాల మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి వచ్చింది. బిల్లులో పార్టుల మీద ఇంకా 28 కనబడితే అడగండి.

హన్మకొండ_సార్

అప్‌డేట్. మెయిల్ పెట్టిన మూడో రోజు మేనేజర్ రమ్మన్నారు. శనివారం బడి అయ్యాక పోయాను. మర్యాదగానే మాట్లాడారు, టీ కూడా ఇచ్చారు. అలైన్‌మెంట్ ప్రింట్ అడిగితే తీసి చూపించారు, ముందు రీడింగ్ ఎర్రగా ఉంది, తర్వాతది పచ్చగా. భూపాలపల్లి తమ్ముడి మాట గుర్తొచ్చి దాని జోలికి పోలేదు, బ్రేక్ క్లీనింగ్ కూడా వదిలేశాను. డీకార్బ్ ఎందుకు చేశారు, ఏ కంప్లైంట్ రాసుకున్నారో జాబ్ కార్డ్‌లో చూపించండి అంటే అక్కడ ఏమీ లేదు. ఏసీ మీద "మీరు ఒప్పుకున్నారు సార్" అన్నారు, ఆ "చూడండి" గురించి కాసేపు వ్యాకరణ చర్చ జరిగింది. చివరికి వచ్చే సర్వీసులో రెండు వేల కూపన్ ఇస్తామన్నారు. కూపన్ వద్దు, డబ్బే కావాలన్నాను. డీకార్బ్ 1,850, థ్రాటిల్ 750, సీసా మందు 350, మొత్తం 2,950 ఖాతాలో వేశారు. ఏసీ 1,150, ఆ 180 నా ఖాతాలోనే రాసుకున్నాను, ట్యూషన్ ఫీజు.

అయితే ఇప్పుడు కొత్త డౌట్. పాత అడ్వైజర్ అన్న చెప్పాడని పుస్తకం కవర్ తీసి పట్టిక మొత్తం చదివాను. బ్రేక్ ఫ్లూయిడ్ (బ్రేక్ ఆయిల్) దగ్గర రెండేళ్లకు లేదా 40 వేలకు, ఏది ముందైతే అది, ఆర్ అని ఉంది. నా బండికి మూడేళ్లు దాటింది. పాత బిల్లులన్నీ వెతికాను, ఎక్కడా మార్చినట్టు లేదు, ఈ 10,780 బిల్లులో కూడా లేదు. పుస్తకం చెప్పింది చేయలేదు, పుస్తకంలో లేనివి ఆరు చేశారు. కిలోమీటర్లు 40 వేలు కాలేదు కదా, ఆగొచ్చా?

ఆటోనగర్_షెడ్డు

ఆగొద్దు సార్, ఏది ముందైతే అదే. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, బండి నిలబెట్టి ఉంచినా సరే. తేమ ఎక్కువైతే అది మరిగే వేడి తగ్గిపోతుంది. గట్టిగా, ఎక్కువసేపు బ్రేకులు వాడినప్పుడు ఆయిల్ మరిగి బుడగలు వస్తే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద గ్రేడ్ డాట్ 3 ఉందో డాట్ 4 ఉందో చూసి అదే పోయించండి. పైన డబ్బాలోది మాత్రం తీసి కొత్తది నింపి అయిపోయిందంటే ఒప్పుకోకండి, నాలుగు చక్రాల దగ్గర పాతది పూర్తిగా వెళ్లేదాకా బయటికి తీయాలి, దాన్నే బ్లీడ్ చేయడం అంటారు.

పాత_అడ్వైజర్_కరీంనగర్

ఎందుకు చెప్పలేదో నేను చెప్తా. దాని ఆయిల్ ఖరీదు తక్కువ, పని మాత్రం ఇద్దరికి అరగంట, ముప్పావుగంట. డీకార్బ్ అయితే మెషిన్ తగిలించి పక్క బండి చూసుకోవచ్చు. మా బోర్డు మీద బ్రేక్ ఆయిల్ అనే కాలమే ఉండేది కాదు సార్.